సగం తిరగలి

ఇక్కడ నేల మీద సున్నం కొట్టిన రాళ్ళతో ఎనిమిది అంకె పరిచి ఉంది, మా పశువుల కొట్టానికి రెండింతలు ఉంటుంది. నేను రెండో తరగతి దాకా నేర్చుకున్న ఎనిమిది ఇది కాదు. మా పంతులు పలక మీద దిద్దించిన తెలుగు ఎనిమిదికి ఒక పక్క నోరు తెరిచి ఉండేది, లోపలికి పోయినది బయటికి రావచ్చు. దీనికి అట్లాంటిదేమీ లేదు, ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి తిరిగి అక్కడికే రావాలి. లైసెన్సు కోసం నా కోడలు కామాక్షి ఈ రాళ్ళ మధ్య మోటారు సైకిలు తోలాలి, కాలు కింద ఆనకుండా, రాయి తగలకుండా. ఆనిందా పోయినట్టే, మళ్ళీ వారం ఆగి రావాలి. పోయిన వారం ఆనింది. ఆమెకు నలభై ఆరేళ్ళు. వరసలో ఆమెకు ముందూ వెనకా నిలబడింది మీసాలు మొలిచీ మొలవని పిల్లకాయలు. ఆమె నంబరు పదిహేడు. ఇప్పుడు ఐదో నంబరు వాడు తిరుగుతున్నాడు. పదిహేడు పిలిచేలోపల నేను ఆమెకు ఒక మాట చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా నోట్లోనే పెట్టుకుని తిరుగుతున్న మాట, మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. పొద్దున ఇంట్లోనే చెబుదామనుకున్నాను, ఆమె కాగితాలు సంచిలో సర్దుకుంటోంది, సరేలే అక్కడ చెబుదాం అనుకున్నాను. ఆమె సమాధానం అనే మెకానిక్కును వెనక కూర్చోబెట్టుకుని బండి మీద వచ్చింది, నేను షేరాటోలో వచ్చాను. దారి పొడుగునా ఆ మాటను మొదటినుంచీ చివరిదాకా లోపల్లోపల వల్లించుకున్నాను, దిగేసరికి మొదలూ తెలియలేదు, చివరా తెలియలేదు.

రేకుల కింద బల్ల మీద కూర్చున్నాను. సముద్రం ఇక్కడికి కనపడదు గానీ గాలి పెదవుల మీద ఉప్పగా తగులుతోంది. ఆ గాలిలో ఇంకో వాసన కూడా ఉంది, పచ్చి వడ్లు ఎండకు ఆరే వాసన. గేటు బయట రోడ్డు మీద ఎవరో ఆరబోశారు. ఎడగారు కోతలు కదా ఇప్పుడు, ఎండాకాలంలో నాటి, పెద్ద వానలు రాకముందు కోసుకునే పంట, ఎవరికి చూసినా తొందరే. వచ్చేటప్పుడు చూశాను, సగం రోడ్డు బంగారం రంగు, అంచున వరసగా రాళ్ళు. చూసి మొహం తిప్పుకున్నాను. ఏ ఏడైనా అంతే, కోతలొస్తే నేను రోడ్డు వైపు చూడను, పొలం గట్ల మీద నడిచిపోతాను, ఎందుకమ్మా చుట్టు దారి అని ఎవరైనా అడిగితే మోకాళ్ళకు మెత్తగా ఉంటుందని చెబుతాను.

"ఏం పెద్దమ్మా, పరీక్ష కామాక్షక్కకా, నీకా? నువ్వే చెమటలు కారస్తా ఉండావు," అన్నాడు సమాధానం, హెల్మెట్టు విసనకర్ర మాదిరి ఊపుకుంటూ.

"నాకేందిరా, నీడన కూర్చోని ఉండా గదా."

"మా తమ్ముడు మూడుసార్లు కాలు పెట్టినాడు. నాలుగోసారి బ్రేకినస్పెట్రే, రేయ్, నీ కాళ్ళు కట్టేసి తోల్రా అన్నాడంట. అక్క బాగా తోలతాది, భయపడబాక. చెయ్యి మంచిది. ఆ రాళ్ళు చూస్తేనే ఎందుకో..." అని ఆగిపోయాడు. ఎందుకో వాడికి తెలియదు. వాడప్పుడు బడికి పోయే పిల్లాడు.

చెయ్యి మంచిదే. నాకు తెలియదా? ఆ చెయ్యి నా ఇంటికి వచ్చిన రోజు నుంచీ తెలుసు. మనుబోలు పిల్ల. హైవే పక్కనే ఇల్లు, రాత్రీ పగలూ లారీలు పోయే చోటు. వాళ్ళ నాయన హజరత్తయ్యకు మగపిల్లలు లేరు, వడ్ల బేరానికి ఊళ్ళు తిరిగే మనిషి, కూతురికి పద్దెనిమిది రాగానే బండి నేర్పించి లైసెన్సు కూడా తీయించాడు. పెళ్ళిచూపులప్పుడు పాడతావా అని మావాళ్ళు అడిగితే, పాడలేనండీ, బండి తోలతాను అంది. నా కొడుకు ప్రసాదు, పెంచలప్రసాద్ అని వాడి పేరు, అక్కడికక్కడే నవ్వేశాడు, ఈ పిల్లే అన్నాడు. నేను పైకి మూతి తిప్పాను గానీ లోపల నాకూ బాగానే ఉంది. వచ్చిన నెలలోనే నన్ను వెనక కూర్చోబెట్టుకుని కావలి తీసుకుపోయింది, కంటి డాక్టరు దగ్గరికి. జీవితంలో మొదటిసారి బండెక్కడం నేను. చీర కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకుని, అమ్మాయ్ మెల్లిగా, అమ్మాయ్ మెల్లిగా అని అరుస్తూనే ఉన్నాను, చెరువు కట్ట ఎక్కేసరికి అరుపు మానేశాను. గాలి నా తల ముడి విప్పేసింది. అప్పటికి మా ఆయన చిన్నపోలయ్య పోయి ఆరేళ్ళు, ఆ ఆరేళ్ళలో నా తల మీద బరువు లేకుండా ఉన్నది ఆ కాసేపే అనిపించింది. దిగినాక, మళ్ళీ ఎప్పుడు పోదాం అని అడిగాను. కంటికి ఏం చెప్పాడో గుర్తులేదు, ఆ అడగడం గుర్తుంది.

తొమ్మిది అంటున్నారు. తొమ్మిదో నంబరు పిల్లాడు రాయిని తన్నుకుని పడ్డాడు, లేచి ప్యాంటు దులుపుకుంటూ నవ్వుతున్నాడు. పడి లేచి నవ్వేవాళ్ళను చూస్తే నేను వాళ్ళ చేతులూ కాళ్ళూ లెక్కపెట్టుకుంటాను.

ఆ ఏడు కూడా ఎడగారే. కళ్ళాలకు చోటు లేక ఊరంతా రోడ్డు మీదే ఆరబోసుకునేవాళ్ళం, తారు వేడికి రెండు రోజుల్లో వడ్లు గలగలమనేవి. లారీలూ బస్సులూ ఎక్కకుండా అంచున రాళ్ళు పేర్చేవాళ్ళం. వడ్లు ఎత్తినవాళ్ళు రాళ్ళూ ఎత్తాలి. అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఎందుకంటే రాయి ఉంటే ఆ చోటు మనది, రేపు పొద్దున ఇంకొకరు వచ్చి పోసుకోరు. ఆ రోజు పొద్దున్నే పక్కింటి అంకాలమ్మకూ నాకూ చోటు దగ్గర మాటామాటా అయింది, మలుపు దగ్గర బారెడు చోటు కోసం. నీ మొగుడు వేసినాడా ఈ రోడ్డు అంది, నీ మొగుడు వేసినాడా అన్నాను, ఇద్దరికీ మొగుళ్ళు లేరు. మధ్యాహ్నం ప్రసాదు కొడవలితో చెయ్యి కోసుకున్నాడు, బొటనవేలి మొదట్లో లోతుగా తెగింది. నేనే అన్నాను, అమ్మాయ్, వాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని నువ్వే కావలి తీసుకుపో, కుట్లు వేయించుకుని రండి, అని. నేనే. పసిబిడ్డ భానుప్రియను నా చంకలో పెట్టి పోయింది. సాయంత్రానికి తూర్పున మబ్బు పట్టింది, పరుగు మీద వడ్లు గోతాలకెత్తాను. చిన్న రాళ్ళు పక్కకు నెట్టేశాను. ఒక్కటి ఉంచాను, మలుపు మూలన. మా అత్తగారి నాటి తిరగలి, నడిమికి పగిలితే సగం ముక్క దొడ్లో పడి ఉండేది, అర్ధచంద్రం మాదిరి, మధ్యలో మేకు పెట్టే బెజ్జం సగం. బరువైంది, అంకాలమ్మ కదిలించలేదులే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా ఆ అనుకోవడం ఎంత సులభంగా అనుకున్నానో నాకు గుర్తే, నడుం పట్టుకుని లేస్తూ, కదిలించలేదులే, అని.

సన్న జల్లు పడుతుంటే, దీపాలు పెట్టే వేళకు, మలుపు వైపునుంచి కేక వినపడింది.

నేను పోయేసరికి వాణ్ణి ఆటోలోకి ఎక్కిస్తున్నారు. కట్టు కట్టిన చెయ్యి శుభ్రంగా ఉంది, ఒక్క చుక్క అంటలేదు, తెల్లగా ఉంది, అదే చూస్తూ ఉండిపోయాను. నెల్లూరు చేరకముందే పోయాడు. కామాక్షికి కాలు విరిగింది, తల పగిలింది. పడుకోబెట్టిన చోటునుంచే, రాయి ఉండింది, రోడ్డు మీద రాయి ఉండింది, చంద్రవంక మాదిరి ఉండింది, ఎదర లారీ లైటు పడితే కనిపించింది, తిప్పేలోపల, అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. తెల్లవారి మా మేనల్లుడు మునెయ్యా ఇంకో నలుగురూ చోటు చూడటానికి పోయారు. రాయి లేదు. ఉండదు. వాళ్ళకంటే ముందు, కోళ్ళు కూసే వేళకు, నేను పోయి గంపలో పెట్టుకుని పైన గడ్డి కప్పుకుని తెచ్చేశాను. ఎందుకు తెచ్చానో అప్పుడు అడిగితే చెప్పగలిగేదాన్ని కాదు. కొడుకు ఇంకా ఇంటికి రాలేదు, తెల్లగుడ్డ కప్పి ఎక్కడో పెట్టారు, నా కాళ్ళు వాటంతటవే మలుపు దగ్గరికి పోయాయి. రాయి పక్కకు ఒరిగి పడి ఉంది, దాని అంచున బండి నల్లరంగు. నా చేతులు దాన్ని ఎత్తాయి. అంత బరువు ఎట్లా ఎత్తానో తెలియదు.

రాయి లేదమ్మా అన్నారు అందరూ. తలకు దెబ్బ తగిలి అట్లా అనిపించింది అన్నారు. మొదట్లో కామాక్షి వాదించింది, ఏడ్చింది, తర్వాత ఊరుకుంది. ఒకరోజు, లేదేమోలే అత్తా, నాకే అట్టా అనిపించిందేమో, అంది. ఆ రోజు చెప్పాల్సింది. ఇంకోరోజు అంకాలమ్మ కుళాయి దగ్గర, మొగుణ్ణి వెనకేసుకొని ఆడది బండి తోలితే ఏమవతాదో చూసినారు గదమ్మా, అంటే, పది మంది నా మొహం చూశారు, నేను ఏమంటానో అని. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను. ఏమీ అనకపోవడమే అనడం. కొడుకును పోగొట్టుకున్న తల్లినని నా చుట్టూ కూర్చుని ఏడ్చారు, ఎట్లా పోగొట్టుకున్నానో నా ఒక్కదానికే తెలుసు. ఏడుపు వచ్చినప్పుడల్లా ఇది కొడుకు కోసమా, రాయి కోసమా అని లోపల ఎవరో అడుగుతారు.

రాయిని పారేయలేకపోయాను. కాలవలో వేద్దామనుకున్నాను, నీళ్ళు తగ్గితే బయటపడుతుంది. దొడ్లో జాలాడి దగ్గర, కాళ్ళూ గిన్నెలూ కడుక్కునే చోట, బోర్లా పూడ్పించి చుట్టూ సిమెంటు వేయించాను. గాట్లున్న మొహం మట్టిలోకి, నున్నటి వీపు పైకి. దాని మీద కామాక్షి ఇరవై రెండేళ్ళుగా బిందె పెడుతోంది. బిడ్డకు స్నానం చేయించింది దాని మీదే. చలికాలం పొద్దుటే దాని మీద నిలబడి కాళ్ళు కడుక్కుని, అబ్బ, ఐసు మాదిరి ఉండాది అత్తా ఈ రాయి, అంటుంది. పుట్టింటికి పోలేదు. హజరత్తయ్య మూడుసార్లు పిలిచాడు. అత్తను ఎవురు చూసుకుంటారు నాయనా, అంది.

పన్నెండు. పదమూడు రాలేదంట, పద్నాలుగు పిలుస్తున్నారు. ఒకడు తక్కువయ్యాడు, నా పక్కనుంచి ఎవరో కాలం గుంజేసుకున్నట్టు ఉలిక్కిపడ్డాను.

ఇన్నేళ్ళు బండి పేరు ఎత్తలేదు. ఆశా కార్యకర్త పని దొరికితే చుట్టుపక్కల పాలేలకు, చిన్న పల్లెలకు, నడిచే పోయేది, ఉప్పు నేలల మీద, రొయ్యల గుంటల గట్ల మీద, గొడుగు ఒకటి, సంచి ఒకటి. లైసెన్సుకు ఎప్పుడో కాలం చెల్లిపోయింది. మొన్న తొలకరి వానల్లో ఒక పాలెంలో పిల్లకు నొప్పులొచ్చాయి, ఫోను చేశారు, ఆటోవాడు నీళ్ళకు భయపడి రానన్నాడు. నడిచింది. పోయేసరికి కాన్పు అయిపోయింది, తల్లి మాత్రం దక్కింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, బిడ్డ ఇంకా వెచ్చగా ఉండింది అత్తా, అంది, చెయ్యి కడుక్కుని లేచిపోయింది. మర్నాడు సమాధానం షెడ్డుకు పోయి బండి నేర్పిస్తావా తమ్ముడూ అని అడిగింది. స్కూటీ తీసుకో అక్కా, ఆడోళ్ళకు అదే సుఖం అన్నాడంట. గేర్లుండేదే నాకు చేతనవును, అందంట. నెల్లూరు ఆసుపత్రిలో నర్సు పని చేసే భానుప్రియ ఫోనులో సంతోషంతో అరిచింది. నేను మాత్రం రెండు రోజులు అన్నం తినలేదు, జొరం అని చెప్పాను.

ఖాళీ లేఅవుట్లలో నేర్చుకుంది. వంకర్లూ గుంతలూ అన్నీ తోలింది. పోయిన వారం ఇక్కడ, ఈ ఎనిమిదిలో, రెండో మలుపు దగ్గర, రాళ్ళ వైపు ఒక్క చూపు చూసి కాలు ఆనించేసింది. ఇంటికొచ్చి జాలాడి దగ్గర నిలబడి, ఆ రాయి మీదే నిలబడి, కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ, మెల్లిగా అంది:

"నాకు లేని రాళ్ళు కనిపిస్తాయత్తా. వరసలో ఉండేటివి కాదు, దారి నడిమధ్యలో. లేవని తెలుసు. అయినా కాలు ఆగదు. ఒకసారి కళ్ళు మోసం చేసినాక ఇంక వాటిని ఎట్టా నమ్మేది?"

నేను గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఒలిచినవి తొక్కల్లో పడేశాను, తొక్కలు గిన్నెలో వేశాను. నేను రోడ్డు మీద నుంచి తీసుకొచ్చింది రాయి ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ పిల్ల కళ్ళు కూడా గంపలో పెట్టుకొచ్చేశాను, పైన గడ్డి కప్పి.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది? ఆ మాట మోసుకుని తోలి పడిపోతే? పరీక్ష అయ్యాక చెబితే? అయ్యాక ఇంకోటి వస్తుంది, భానుప్రియ పెళ్ళి అయ్యాక అంటాను, ఇంకో ఎడగారు అయ్యాక అంటాను. నాకు డెబ్భై రెండు. చెప్పకుండా పోతే ఆ రాయి మీద కామాక్షి ఒక్కతే నిలబడి ఉంటుంది, ముసలిదయ్యేదాకా, తన కళ్ళను తానే నమ్మకుండా. నన్ను ఇంట్లోంచి పొమ్మంటుందా? పొమ్మననీ. అంటుందేమో అన్న భయంతోనే ఇన్నేళ్ళు అన్నం పెట్టించుకున్నాను.

పదహారో నంబరు వాడు బండి ఎక్కాడు.

"అమ్మాయ్," అన్నాను. బండి మోతలో వినపడలేదు. మళ్ళీ అన్నాను. "కామాక్షీ, ఇట్టా రా."

వచ్చింది, హెల్మెట్టు రెండు చేతుల్లో పట్టుకుని. "ఏందత్తా, నీళ్ళు గావాల్నా? తర్వాత నాదే."

"రాయి ఉండింది."

"ఏ రాయి?"

"ఆ పొద్దు. మలుపు కాడ. నువ్వు చూసింది. అది ఉండింది. నీ కళ్ళు మోసం చెయ్యలేదు. నేను పెట్టిన రాయే అది, చోటు కోసరం పెట్టినాను. తెల్లారక ముందే నేనే ఎత్తుకొచ్చి దాచేసినాను."

ఎంత చిన్న మాట. వల్లించుకున్నదాంట్లో ఒక్క ముక్క కూడా రాలేదు. ఆమె నా మొహం చూడలేదు. హెల్మెట్టు లోపలికి చూస్తోంది, అందులో ఏదో పడిపోయినట్టు. అరుస్తుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను, కొడితే బాగుండనీ అనుకున్నాను. ఆమె అడిగింది:

"ఎట్టా ఉండింది?"

"సగం తిరగలి. పగిలింది."

వేలితో గాలిలో ఒక వంక గీసింది, మెల్లిగా, ఒక కొసనుంచి ఇంకో కొసదాకా. "ఇట్టానా?"

"అట్టానే."

"యాడుండాది ఇప్పుడు?"

"జాలాడి కాడ. నువ్వు బిందె పెట్టేది అదే."

ఆమె కింది పెదవి లోపలికి పోయింది. పాదాలు చూసుకుంది. చెప్పుల్లో వేళ్ళు ముడుచుకోవడం నేను చూశాను. అప్పుడే మైదానం నుంచి, పదిహేడు, కామాక్షి, అని బ్రేక్ ఇన్‌స్పెక్టరు పిలిచాడు. రెండోసారి పిలిచాడు. అక్కా, నిన్నే, అని సమాధానం అరిచాడు. ఆమె హెల్మెట్టు పెట్టుకుంది, గడ్డం కింద పట్టీ నొక్కింది, టక్కుమని శబ్దం వచ్చింది, నా వైపు తిరగకుండానే పోయింది.

కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు, ఆ హక్కు నాకు లేదు. బండి కదిలింది. మొదటి సున్నా చుట్టింది, నడిమికి వచ్చింది, రెండో సున్నాలోకి తిరిగింది. పోయిన వారం కాలు ఆనిన మలుపు. అక్కడ మెల్లగా అయింది, ఎంత మెల్లగా అంటే బండి ఆగిపోయిందనుకున్నాను, చక్రం అటూ ఇటూ తడబడింది. తల తిప్పి రాళ్ళను చూసింది. ఒక్కొక్కటే. వరసగా, ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టుకున్నట్టు చూసింది. కాలు దిగలేదు. మలుపు తిరిగింది, మళ్ళీ నడిమికి వచ్చింది, ఇంకో చుట్టు చుట్టింది, రెండోసారి అక్కడ ఆగలేదు. సమాధానం చప్పట్లు కొట్టాడు, పిల్లకాయలు కూడా కొట్టారు, ఆంటీ సూపర్ అన్నాడొకడు. ఇన్‌స్పెక్టరు తల ఊపి కాగితం మీద రాసుకున్నాడు. కామాక్షి నవ్వలేదు. బండి దిగి, ఎవరో తరుముతున్నట్టు తోసుకుంటూ గేటు దాటి రోడ్డు మీదికి పోయింది.

సమాధానం కాగితాల కోసం లోపలికి పోయాడు. నేను లేచి వెనకాలే నడిచాను. ఆమె రోడ్డు అంచున బండికి స్టాండు వేసి నిలబడి ఉంది, హెల్మెట్టు తీయలేదు. ఎదురుగా వడ్లు, సగం రోడ్డు. ఎవరో ఒకామె కాళ్ళతో వడ్లు తిరగతోడుతూ అవతలి కొసకు పోతోంది, ఆమె వెనక సన్నటి చాళ్ళు పడుతున్నాయి. అంచున రాళ్ళు, మూలన అన్నిటికంటే పెద్దది ఒకటి. నేను పక్కకు పోయి నిలబడ్డాను, మరీ దగ్గరగా కాదు. ఏమైనా అంటే వినేంత దూరంలో.

"నా బిడ్డకు కూడా చెప్పినాను," అంది హెల్మెట్టు లోపలినుంచి. "నా తప్పే, మీ నాయన్ను నేనే చంపుకున్నానని. దానికి పదేళ్ళప్పుడు అడిగితే అట్టానే చెప్పినాను."

ఇంటికి పోయినాక సమ్మెట తీసుకుని ఆ సిమెంటు నా చేతుల్తో పగలగొడతాను, ఆ మొహం పైకి తిప్పి పెడతాను, భానుప్రియ వచ్చినప్పుడు దాని ముందర నిలబడి చెబుతాను, కుళాయి దగ్గర అంకాలమ్మ ఎదట, పది మందిలో చెబుతాను. ఇవన్నీ లోపల అనుకున్నాను, పైకి అంటే బేరమాడినట్టుంటుందని అనలేదు. గాలికి వడ్లపొట్టు లేచి మా ఇద్దరి కాళ్ళ మీదా పడింది.

ఆమె చెయ్యెత్తి మూల వైపు చూపించింది.

"అత్తా. ఆడ రాయి ఉండాదా?"

"ఉండాది," అన్నాను.

"నీకూ కనిపిస్తా ఉండాదా?"

"కనిపిస్తా ఉండాది కామాక్షీ. రాయే."

చెయ్యి దించలేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.